గుమ్మం పక్కన ఎర్ర గుర్తు

ఆ శుక్రవారం పొద్దున్నే గడప కడుగుదామని లోవమ్మ చెంబుతో వచ్చేసరికి, గుమ్మం పక్కన గోడ మీద ఎర్రగా ఓ గుర్తు కనిపించింది. కోడలు సత్యవేణి తనకన్నా ముందు లేచి బొట్టు పెట్టేసిందనుకుని మురిసిపోయింది పాపం. దాని చుట్టూ పసుపు రాసి, కింద గడప మీద ఓ మందారం కూడా పెట్టింది.

పాలు తెచ్చిన బిక్షం చూసి నవ్వాడు.

"ఏందమ్మా, రోడ్డోళ్ల మార్కుకు పూజ షురూ జేసినవ్? ముందు గది కూలగొడ్తరంట. నిన్న నీ కొడుకే నిలబడి పెట్టిచ్చిండు."

లోవమ్మ చెంబు అక్కడే దించేసి లోపలికి నడిచింది. కొడుకు తాతాజీ వంతెనలు కట్టే ఆఫీసులో ఇంజనీరు. నెల కిందట చైనా వెళ్లి అక్కడి వంతెనలు చూసొచ్చాడు. అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చున్నా ఆ కబుర్లే.

"ఏటిరా నాన్నా, నిజమేనా?"

"మనమే ముందు జాగా ఇస్తే వీధంతా ఇస్తుందమ్మా. పోయేది ముందుగది ఒక్కటే. చైనాలో ఏడాదిలో వంతెన లేపేశారు. మన రైలుగేటు మీద వంతెన నాలుగేళ్లయినా స్తంభాల దగ్గరే ఉంది. ఇక్కడ గుమ్మానికో కోర్టు కేసు!"

"అక్కడి గుమ్మాల్లో ఉన్నోళ్లని అడిగారేటి?"

"అడుగుతూ కూర్చుంటే వంతెన లేవదు."

"అందుకని నన్నూ అడగలేదు! నా గడప పోతోందని పాలబ్బాయి చెప్పాలి. ఆ పనస చెక్క మీ నాన్న అనకాపల్లి నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారురా."

"అత్తయ్యా, ఆయన ఉద్దేశం..."

"నువ్వుండమ్మా."

తాతాజీ గొంతు లేచింది. "నాన్న ఆస్పత్రిలో పోలేదమ్మా! ఆ రైలుగేటు దగ్గర, ఆటోలో, నా ఒళ్లో పోయారు. గేటెప్పుడు లేస్తుందా అని చూస్తూనే. అప్పటికి ఈ వంతెన ఉండుంటే..."

ఇన్నేళ్లూ ఆ మాట కడుపులోనే దాచుకున్నాడు. సత్యవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాతాజీ నేల చూస్తూ అన్నాడు.

"చైనాలో ఆ వంతెన కింద ఓ ముసలావిడ, విరిగిన తలుపురెక్క పక్కన పెట్టుకుని కూర్చుంది. ఫొటోకి అడ్డంగా ఉందని జరగమని చెయ్యూపానమ్మా. ఎవరో, ఏమిటో అనుకోనైనా లేదు."

లోవమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడడుగు."

"అమ్మా... గడప ఇస్తావా?"

"తీసుకో నాన్నా. గేటు దగ్గర ఇంకెవరూ అలా పోకూడదు. కానీ పక్కిళ్లకి నేనూ వస్తాను. ముందు అడుగుదాం, రంగు తర్వాత పూద్దురుగాని."

కూల్చేరోజు యంత్రం రాకముందే తాతాజీ తన చేతులతో గడప ఊడదీశాడు. లోవమ్మ వీధి అరుగు మీద కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది, అప్పుడు రైల్లో ఆయన పెట్టుకున్నట్టే.

"సార్, అమ్మగార్ని కొంచెం జరగమనండి," అన్నాడు యంత్రం నడిపేవాడు.

"ఆగు," అని తాతాజీ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.