పక్క సీట్లో టిక్కీ

"ఫర్హానా, లేస్తావా? ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కిందో లేదో చూడు."

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పెళ్ళాన్ని లేపి టీ అడిగే మొగుళ్ళుంటారు, చొక్కా ఎక్కడుందని అడిగేవాళ్ళుంటారు. ఇలియాస్ మాత్రం నెల రోజులుగా బ్యాటరీ సంగతే అడుగుతున్నాడు. ఫర్హానా కళ్ళు తెరిచి కాసేపు ఇంటి కప్పుకేసి చూస్తూ పడుకుంది. నిద్రపోయి లేచినట్టే లేదు ఆమెకి.

ఇలియాస్‌కి గుంటూరు ఆటోనగర్‌లో చిన్న షెడ్డుంది. మిర్చి వ్యాపారి కొడుకు చైతన్యకృష్ణ తన పాత కారు తెచ్చి అప్పగిస్తే, ఇంజను విప్పి, మార్చి, దానికి రెట్టింపు బలం తెప్పించాడు. ఆదివారం చెన్నైలో తిన్నని రోడ్డు మీద రేసు. తోలేది కూడా ఇలియాసే. బలం మరీ ఎక్కువై చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయని, ట్రాక్షన్ కంట్రోల్ పెట్టె ఒకటి బయట కొని తగిలించాడు. చక్రం జారిందంటే అది తనంతట తనే ఇంజను జోరు కోస్తుంది. ఎంత కొయ్యాలో మాత్రం మనిషే చెప్పాలి.

అది తేల్చడానికే ఈ తెల్లవారుజాము ప్రయాణాలు. చిలకలూరిపేట వైపు ఇంకా తెరవని నాలుగు వరసల రోడ్డు మీద, మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళు రాకముందే కారు ఉరికించాలి. చక్రాల నుంచి, ఇంజను నుంచి వచ్చే లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లో ఎక్కుతాయి. పక్క సీట్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంకెలు చదివి చెప్పేది బీకాం చదివిన ఫర్హానా.

"ఇవాళ నేను రానండి. బ్రాడీపేటలో టీచరు ఉద్యోగానికి డెమో క్లాసుందని రాత్రే చెప్పాను."

"రెండు రన్‌లు తీసుకుని టైముకి దించేస్తాగా."

"పోయినవారం కూడా ఇలాగే అన్నారు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అని ఎండెక్కిందాకా తిప్పారు. నేను దుమ్ము కొట్టుకుని వెళ్ళేసరికి కోచింగ్ సెంటర్లో పిల్లలంతా వెళ్ళిపోయారు. సెంటరువాళ్ళు జాలిపడి ఇంకో అవకాశం ఇచ్చారు. ఇది కూడా పోగొట్టుకోలేను."

"రేసు ఆదివారమే! ఆ పెట్టె ఎక్కడో ఎక్కువ కోసేస్తోంది. సగం దూరం దాటాక బండి నీరసపడిపోతోంది. ఇవాళ తేలకపోతే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే."

"మరి నా కష్టం?"

"నీ బరువు సీట్లో లేకపోతే నిన్నటి లెక్కకీ ఇవాళ్టి లెక్కకీ పొంతన కుదరదే!"

ఆ మాట ఫర్హానాకి ఎక్కడో కలుక్కుమంది. నెల రోజుల నిద్ర, నడుం నొప్పి, అన్నీ కలిపి తను ఒక బరువన్నమాట.

"బరువేగా మీకు కావాల్సింది? వరండాలో టిక్కీ ఉంది. దాన్ని కూర్చోబెట్టుకోండి!"

టిక్కీ అంటే మిరపకాయల గోనె. అత్తగారు జోహరాబీ కాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీయడానికి కూలికి తెచ్చుకుంది. తెలివైన మొగుడైతే ఆ మాటకి నోరు మూసుకునేవాడు. ఇలియాస్ టిక్కీకేసి చూశాడు. దగ్గరికెళ్ళి ఎత్తి చూశాడు.

"నిజమే, నీకూ దీనికీ పెద్ద తేడా లేదు" అని భుజాన వేసుకున్నాడు.

"ఒరేయ్, పరాయివాళ్ళ సరుకురా! కాయ విరిగితే నా ముఖాన కొడతారు" అంటూ జోహరాబీ వెంటపడింది.

అతను వినలేదు. టిక్కీని పక్క సీట్లో కుదేసి బెల్టు బిగించాడు. కదులుతుందేమోనని ఊపి చూశాడు. ల్యాప్‌టాప్‌ని వెనక సీటుకి కట్టేశాడు. కిటికీలోంచి అదంతా చూస్తూ నిలబడింది ఫర్హానా. కోపం కూడా రాలేదు, ఒట్టి నీరసం వచ్చింది. స్నానాలగదిలో కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, ఆటో ఎక్కింది.

క్లాసు బాగా చెప్పింది. సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక బ్రాడీపేట మెయిన్ రోడ్డులో ఊరికే అటూ ఇటూ నడిచి మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. ఇలియాస్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. మిరపకాయల ఘాటుకి కళ్ళు ఎర్రగా వాచాయి. కంచంలో అన్నం అలాగే ఉంది. ఫర్హానా పలకరించకుండా లోపలికెళ్ళి బట్టల సంచి తీసి చీరలు సర్దసాగింది.

"ఎక్కడికే అమ్మాయ్?" అంది జోహరాబీ.

"పొన్నూరు వెళ్తానత్తమ్మా. అమ్మ దగ్గరుండి ఉద్యోగానికి వచ్చిపోతుంటాను. ఇక్కడ నా చోట్లో టిక్కీ ఉందిగా."

"ఫర్హానా, ఒక్కసారి ఇటు రా" అన్నాడు ఇలియాస్.

"బ్యాటరీ చూడాలా?"

"కాదు. ఇది చూడు."

గొంతు వేరుగా ఉంది. వెళ్ళి నిలబడింది. తెర మీద రెండు గీతలున్నాయి.

"ఇవాళ బండి నీరసపడలేదు. పరుగు మొత్తం ఒకే జోరు. పెట్టెలో నేను మార్చింది ఏమీ లేదు. రోడ్డు అదే, బరువు అదే. నాకర్థం కాక, ఇన్నాళ్ళూ చూడని గీత తీశాను. ఎక్స్‌లేటర్ మీద నా కాలు ఎంత నొక్కిందో చెప్పే గీత. నా కాలు సంగతి నాకు తెలీదా అని ఎప్పుడూ తెర మీద పెట్టలేదు."

పై గీత ఇవాళ్టిది, చివరిదాకా తిన్నగా ఉంది. కింది గీత నిన్నటిది, సగం దూరంలో కిందికి దిగింది. అతను మొన్నటిది తీశాడు, అంతకుముందుది తీశాడు. ఫర్హానా ఉన్న ప్రతి పరుగులోనూ ఆ గీత దిగింది.

"జోరు ఎక్కగానే నా కాలు లేచిపోతోంది. నువ్వున్నావని. ఒట్టు, నాకు తెలీదు. పెట్టెదే తప్పనుకుని దాన్నే సవరిస్తూ కూర్చున్నాను."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదేరా" అంది జోహరాబీ. కానీ మందలించే గొంతు కాదది.

ఫర్హానా దిగిన గీత మీద వేలు పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది.

"బండిలో నా కోసం కాలు తీశారు, సరే. ఇంట్లో ఎప్పుడైనా తీశారా? నెల రోజులుగా నేను అలిసిపోయానని ఒక్క పూటైనా కనిపించిందా మీకు?"

ఇలియాస్ వాచిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఈసారి ఘాటు వల్ల కాదు.

"కనపడలేదు" అన్నాడు. "తప్పు నాదే. క్లాసు ఏమైంది?"

"సోమవారం నుంచి రమ్మన్నారు."

"నేనే దింపుతాను. ముందు దింపి, ఆ తర్వాతే షెడ్డు తలుపు తీస్తాను. ఇక తెల్లారగట్ల నిన్ను లేపను."

ఫర్హానా మళ్ళీ తెరకేసి చూసింది. ఈసారి ఆమె కళ్ళు పై గీత మీద ఆగాయి. ఎక్కడా వంగని గీత.

"అంటే నేను పక్కన లేకపోతే మీరసలు కాలే తియ్యరన్నమాట."

"రేసులో తీస్తే ఓడిపోతాం కదే."

సంచిలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. తీస్తూ తీస్తూ, అతనికేసి చూడకుండానే అంది.

"ఆదివారం ముగింపు గీత దాటిందాకా మీ ఇష్టం. దాటాక మాత్రం, నేను పక్కనున్నాననుకోండి."