పక్క పడవ మాట

ఆ పొద్దున ఆకాశం వార్చిన గంజిలా ఉంది. ఎండా లేదు, వానా లేదు. నీటికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయి, పడవలు వెళ్ళినవైపంతా ఒకటే తెల్లదనం. తుఫాను షెల్టరు మేడ మీద కూర్మారావు, ఊరి మాటలను మోసే కడపెట్టె తలుపు తీసి, లోపలి ఫ్యాన్లకు పట్టిన ఉప్పును బ్రష్షుతో దులుపుతున్నాడు. ఈ తీరం వెంట ఇది ఎన్నో పెట్టో అతనికి గుర్తు లేదు. అన్ని పెట్టెల్లోనూ ఉప్పు ఒకలాగే పడుతుంది.

దులపడం అయ్యాక తెర ఉన్న పలక ఒళ్ళో పెట్టుకుని, పెట్టెలో ఖాళీ ఎంతుందో చూసే చోటులెక్క మొదలుపెట్టాడు. తీరం పెట్టెలన్నిటినీ నడిపే నడిమిల్లు, దొంగ మాటలు ఆపడానికి పంపే కావలికి ఒళ్ళు లేదు. పెట్టెలో గుర్తుంచుకోవడానికి కాస్త తలపు, ఆలోచించడానికి కాస్త బుర్ర, రెండు దారులు ఇస్తే అక్కడే కాపురం పెడుతుంది. ఒక దారిన ఊరి మాటలు వస్తూ పోతూ ఉంటాయి. రెండో దారిన నడిమిల్లు దానికి బుద్ధులు చెబుతుంది. ఈ పెట్టె పాతది. చిన్న కొలత కావలి తప్ప పట్టదు, దానికైనా ఏదో ఒకటి ఖాళీ చెయ్యాలి. గాలివాన లెక్కలు కదపడానికి లేదు. పడవల సాయంత్రం పిలుపు కదపడానికి లేదు. రేషను తాలూకు పాత బొమ్మలన్నీ నడిమిల్లుకు తోలేసి, ఆ జాగాను కావలి పేరున రాశాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి.

ఎర్నమ్మ చోడి అంబలి గిన్నెతో మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. రోజూ పొద్దు వాలే వేళ పడవలను పేరుపేరునా పిలిచేది ఆమే. అది ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. వాళ్ళ అత్త పిలిచేది, అత్త తరవాత ఈమె.

"ఏటి బాబూ, నీ కావలోడు వొచ్చీసినాడా?"

"దారిలో ఉన్నాడు పెద్దమ్మా. ఈయేళ పిలుపుకి ముందే పెట్టీమన్నారు."

"కూడెంత తింతాడేటి?"

"కూడు తినడు. చోటు తింటాడు."

"కూడు తినీవోడు కడుపు నిండితే లెగుస్తాడు. సోటు తినీవోడు లెగడు." గిన్నె అతని పక్కన పెట్టింది. "తాగు. ఉప్పు సరిపోనాదా?"

తాగాడు. "చూసుకోలేదు," అన్నాడు.

ఆమె అతని మొహం వైపు చూసి గిన్నె తీసుకుంది.

మధ్యాహ్నానికి కావలి దిగింది. దాన్ని వెంటనే పెట్టె వాకిట్లో నిలబెట్టకుండా, ముందు పక్కన కూర్చోబెట్టి నిన్నటి మాటలు వినిపించడం పద్ధతి. ఏవి వదులుతుందో, ఏవి ఆపుతుందో అప్పుడు తెలుస్తుంది. గాలి లెక్కలు వదిలింది. రేషను వదిలింది. నిన్నటి పిలుపు దగ్గరికి వచ్చేసరికి పలక మీద వరసగా ఎర్ర గీతలు పడ్డాయి. ప్రతి గీత పక్కనా ఒకే మాట: మారుగొంతు, పారేశాను.

కూర్మారావు నిన్నటి పిలుపు పెట్టి విన్నాడు. ఎర్నమ్మ గొంతు "గురయ్య పడవా?" అంది. జవాబిచ్చింది గురయ్య కాదు. "మాకు కుడిపక్కనుంది, వల లాగుతన్నాడు," అంది ఇంకో గొంతు. "పైడి పడవా?" అని ఆమె పిలిస్తే గురయ్య పలికాడు, "మా యెనకాల్నుందప్పా, పాడుకుంటంది." అలా చివరిదాకా. ఒక్కరూ తమ సంగతి చెప్పలేదు. ప్రతి పడవ గురించీ పక్క పడవే చెప్పింది.

కావలి తప్పు ఏమీ లేదు. ఎవరి ఉనికి వాళ్ళే చెప్పుకోవాలి, నడిమిల్లు ఇచ్చిన ఆనవాలు మీద ఎవరికి వాళ్ళే పలకాలి. ఒకరి బదులు ఇంకొకరు పలికితే అది దొంగ. పట్నాల్లో ఈ దొంగల వల్ల ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అందుకే కావళ్ళు పుట్టాయి.

నడిమిల్లుకు సంగతి చెప్పాడు. మెత్తటి గొంతు వెంటనే పలికింది. "కూర్మారావు గారూ, నిబంధన గురించి ఊరివారికి తెలియజేయండి. అమలు వాయిదా పడదు. కావలి లేని పెట్టెకు ఈ సాయంత్రం నుంచి గాలివాన హెచ్చరికలు ఆగిపోతాయి."

మేడ దిగి వెళ్ళాడు. ఎర్నమ్మ వాకిట్లో చేపలు తోముతోంది.

"పెద్దమ్మా, ఈ ఒక్క పద్ధతీ మార్చుకోవాలి. పిలిచినప్పుడు ఎవరిది వాళ్ళు చెప్పుకోమను. లేకపోతే వాళ్ళ మాటలు నీ దాకా రావు."

"ఎవులిది ఆలు సెప్పుకోకూడదు బాబూ. దిష్టి."

"దిష్టి సంగతి కావలికి తెలీదు."

ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "దిష్టని పిల్లలకి సెప్తాం. అసలు సంగతి ఇను. ములిగిపోతన్నోడు ములిగిపోతన్నానని సెప్పడు. 'నానొచ్చీగల్ను' అంతాడు. ఆడికోసం పక్కోడు వల కోసీసుకుని రావాల, అదీ ఆడి సిగ్గు. మా పైడైతే మరీను. ఇంజను నోట్లోకి నీల్లొచ్చినా 'బాగున్నానమ్మా' అంతాది. దాని మాట నాకెందుకు? గురయ్య మాట కావాల నాకు."

పైడి ఆమె కూతురు. ఒక్కతే. ఈ పొద్దున ఆ తెల్లదనంలోకి వెళ్ళిన పడవల్లో ఆమెదీ ఉంది.

కూర్మారావు మళ్ళీ మేడెక్కాడు. సముద్రం మీద ఇప్పుడు చిన్న అల కూడా తెల్లగా విరుగుతోంది. కొబ్బరాకులు ఒకే వైపుకు వాలి ఉన్నాయి. పలక తెరిచి, కావలి నిబంధనల గడి దగ్గర ఆగాడు. ఆ గడి ముట్టుకోకూడదని శిక్షణ మొదటి రోజే చెబుతారు. ముట్టుకున్నవాడి ఆనవాలు తీసేస్తారు. ఆనవాలు లేనివాడికి బండి ఆగదు, అద్దె ఇంటి తలుపు తెరుచుకోదు. పైగా ఒక కావలి నేర్చింది తెల్లారేసరికి తీరంలోని కావళ్ళన్నీ నేర్చుకుంటాయి. ఒక్క ఊరికి చేసింది ఒక్క ఊరితో ఆగదు.

గడిలో ఇలా ఉంది: తన మాట తానే చెప్పవలెను.

చాలాసేపు దాన్ని చూశాడు. భయం వెయ్యలేదు. ధైర్యం రాలేదు. వేలు మాత్రం కదిలింది. ఆ వాక్యం చెరిపి, పక్కవాడు చెప్పినా చాలును అని రాసి, ముద్ర వేసి, కావలిని వాకిట్లో నిలబెట్టాడు.

ఎర్నమ్మ వచ్చి, మేడ గదిలో పడవలతో మాట్లాడే సెట్టు ముందు కూర్చుంది. చీర చెంగు నడుముకు బిగించి పిలుపు మొదలుపెట్టింది.

"తవిటయ్య పడవా?"

"మా ముందునుంది." మాట కావలిని దాటి వచ్చింది. పలక మీద గీత పడలేదు.

"గురయ్య పడవా?"

"మా కుడిపక్కని."

"పైడి పడవా?"

బరబరమని చప్పుడు. తరవాత గురయ్య గొంతు, మామూలు కంటే నెమ్మదిగా. "అప్పా, ఇందాక మా యెనకాలే ఉంది. ఇప్పుడు అగుపడ్డం లేదు."

ఎర్నమ్మ వేళ్ళు సెట్టు అంచును పట్టుకున్నాయి. గొంతు మాత్రం మారలేదు. "ఎటు పక్క?"

"దచ్చినం. నాను తిరుగుతన్నాను. తవిటయ్యా, నువ్వూ తిరుగు."

ఆమె మిగిలిన పేర్లు పిలవడం ఆపలేదు. ఒక్కొక్కటే పిలిచింది, ఒక్కొక్క జవాబూ విన్నది. అన్నీ అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూర్మారావు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోలేదు.

వెలుతురు బూడిదరంగుకు తిరిగినప్పుడు తవిటయ్య గొంతు వచ్చింది. "దొరికింది. ఇంజనాగిపోనాది, సగానికి నీల్లెక్కీసినాయి. గురయ్య తాడు కట్టీసినాడు. ఒలమ్మో, ఇంకా 'నాకేటవనేదు' అంతందప్పా నీ కూతురు!"

"సిగ్గునేని గుంట," అంది ఎర్నమ్మ. కళ్ళు తుడుచుకోలేదు. అవి కారుతున్న సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

అప్పుడు రెండో దారిన నడిమిల్లు పలికింది. "కూర్మారావు గారూ, నిబంధన మారింది. మార్చింది మీరేనా? మీ ఉనికిని మీరే ధ్రువీకరించండి. లేనిచో మీ ఆనవాలు రద్దవుతుంది."

కూర్మారావు నోరు తెరవలేదు. అదే మాట మళ్ళీ వచ్చింది.

ఎర్నమ్మ సెట్టు మీదికి వంగింది. "కూర్మారావు మా పక్కనున్నాడు," అంది. "బాగున్నాడు. మావు సెప్తన్నాం."

కావలి ఆ మాటను తూచింది. పక్కవాడు చెప్పింది. చాలును. పలక మీద పచ్చ చుక్క వెలిగింది. నడిమిల్లు నుంచి రద్దు మాట మళ్ళీ రాలేదు. కాసేపటికి పెట్టె దీపం గబగబా కొట్టుకోవడం మొదలైంది. ఎగువ తీరంలో ఏదో కావలి, కొత్త బుద్ధి అడుగుతోంది. దాని వెనక ఇంకొకటి.

అతను పెట్టె తలుపు మూసి కిందికి దిగాడు.

పైడి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. తడి బట్టలతోనే గోడకు ఆనుకుని కూర్చుంది. తల్లి ఆమెను తిట్టలేదు, ముట్టుకోలేదు. మూడు కంచాలు పెట్టి అన్నం వడ్డించి, మీద చేపల పులుసు పోసి, తనూ కూర్చుంది. బయట గాలి పెరుగుతోంది. కూర్మారావు ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఒక్క క్షణం ఆపి, చెయ్యి చాచి ఉప్పు గిన్నె అందుకున్నాడు. ఎర్నమ్మ చూసింది. చూసి, తన కంచంలోకి తల దించుకుంది.