ఎడమ వైపు మెరుపు

అన్వర్ ఆఫీసులోకి వచ్చీ రాగానే తలుపుకు గడియ పెట్టాడు. ఆ తర్వాత కిటికీ దగ్గరికి పోయి ట్రంకు రోడ్డు మీదికి తొంగి చూశాడు. గదిలో మనుషులున్నారన్న సంగతి అప్పటికి గానీ అతనికి గుర్తు రాలేదు.

"అక్కా, నన్ను చంపేస్తారు," అన్నాడు.

రెబెక్కమ్మ గారు చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టారు. వాహనాల బీమా కంపెనీలో సర్వేయరుగా తల నెరిసిన మనిషి ఆవిడ. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నెల్లూరులో ఈ ప్రైవేటు పరిశోధన ఆఫీసు తెరిచారు. వణుకుతూ వచ్చేవాళ్లను చూడడం ఆవిడకు అలవాటే. అసిస్టెంటు హెబ్రోనుకు మాత్రం ఎన్ని కేసులు చూసినా ఆ అలవాటు కాలేదు. పాపం, అతను లేచి వెళ్లి గడియ సరిగ్గా పడిందో లేదో మరోసారి చూసొచ్చాడు.

"ఎవరు చంపేది? కూర్చుని చెప్పు," అన్నారావిడ.

"మైపాడోళ్లక్కా. నేను మినీ బైపాసులో కార్లకి పాలిష్ కొడతా. మైపాడులో రొయ్యపిల్లల హ్యాచరీ ఉండే నరేంద్రబాబు నిన్న కారు ఇచ్చినాడు. నల్ల కారు. సముద్రం గాలికి రంగంతా మసకేసి, సన్న గీతలు పడి ఉండె. సాయంత్రానికి అద్దం మాదిరి చేసి పెట్టినా. ఆయనే ఆటోలో వచ్చి తీసుకోని పోయినాడు. రాత్రి మైపాడు రోడ్డులో ముత్యాలయ్య అని చేపలాయన సైకిలు తోసుకుంటా పోతా ఉంటే ఏదో కారు గుద్దేసి పోయిందంట. తెల్లారి చూస్తే ఆడే చచ్చిపోయి పడి ఉండాడంట."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆడికి పోయినాకే. పొద్దున్నే నరేంద్రబాబు ఫోన్ చేసి, ఎడమ పక్క మసక పోలేదు, మిషను తీసుకోని రా అన్నాడు. బస్సెక్కి పోయినా. చూస్తే ఎడమ పక్క ముందు చక్రం పైన ఫెండరు మీద ఎవురో మళ్లీ పాలిష్ కొట్టుండారు. రేకు నొక్కుకోని ఉంది, లైటు చిట్లింది. ఇదేంది సార్ అనేలోపల నల్ల కారుని ఎతుక్కుంటా పోలీసులొచ్చినారు, వాళ్లెనకాలే ఊరోళ్లు. కారు రాత్రంతా వీడి షాపులోనే ఉంది, ఇప్పుడే తెచ్చి ఇచ్చినాడని ఆయన నన్ను చూపించినాడు. నా చేతిలో మిషను ఉండాది, నేనేం చెప్పేది? ఆడే పారేసి సరుగుడు తోపులో పడి పరిగెత్తినా."

"పరిగెత్తి ఆయన మాటకు నువ్వే సాక్ష్యం చెప్పొచ్చావు. బస్సులో నిన్ను చూసినవాళ్లు లేరా?"

"కిక్కిరిసిన బస్సక్కా. ఎవురికి గుర్తుంటాది?"

అతని చొక్కా నిండా తెల్లటి పొడి మరకలు. అవేమిటని ఆవిడ అడిగితే నిన్న మిషను తిరిగేటప్పుడు ఎగిరిన పాలిష్ పొడి అన్నాడు. పనికి వేసుకునే ఆ చొక్కానే పొద్దున మళ్లీ తొడుక్కుని పోయాడట, ఆ తర్వాత ఇంటికి పోయే ధైర్యం లేక మార్చుకోలేదట. రెబెక్కమ్మ గారు అతని పని గురించి అడిగారు. చెబుతున్నంతసేపూ అతను కిటికీ వైపు చూడలేదు.

"ముందు మంచినీళ్లతో కడగతా. అంచులకి టేపు అంటిస్తా, లేకపోతే అంచు దగ్గిర రంగు లేచిపోతాది. పాలిష్ కాంపౌండ్ రాసి మిషను తిప్పతా. రంగు వేడెక్కకుండా మిషనుకుండే స్పాంజి ప్యాడు మీద నీళ్లు చిలకరించాల. చివర్న సందుల్లో పొడంతా బ్రష్షుతో దులిపేస్తా."

"పద, మైపాడు పోదాం. ఎస్సై గారికి నేను ఫోన్ చేస్తాను."

అన్వర్ రెండు చేతులూ జోడించాడు. "ఆడికి మాత్రం వద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఇక్కడ దాక్కుంటే సాయంత్రానికి హంతకుడివే. వస్తే నా పక్కన ఉంటావు. నీ ఇష్టం," అన్నారావిడ, చెప్పులు వేసుకుంటూ.

హెబ్రోను కారు తోలాడు. అన్వర్ వెనక సీటులో తల మోకాళ్ల మధ్య పెట్టుకుని దారి పొడవునా ఏదో దువా చదువుకుంటూనే ఉన్నాడు. హ్యాచరీ గేటు ముందు జనం కారుకు అడ్డం పడ్డారు. ఎవరో అద్దం మీద అరచేత్తో దబదబా బాదారు. "వాడే, వాడే లోపలుండాడు," అని ఒక గొంతు వినిపించేసరికి హెబ్రోను కారు తలుపులకు లాకు వేశాడు. రెబెక్కమ్మ గారు అద్దం దించి, "ముత్యాలయ్య భార్య ఎవరమ్మా?" అని అడిగారు. జనం పక్కకు తప్పుకున్నారు. వెనకాల నేల మీద కూర్చుని ఉన్న ఒకామె తలెత్తింది. ఆమె పేరు పోలమ్మ. "నువ్వు లోపలికి రా తల్లీ. ఏం జరిగిందో నువ్వు వినాలి," అన్నారావిడ.

లోపల ఎస్సై, నరేంద్రబాబు, అతని డ్రైవరు పెంచలయ్య కారు దగ్గర నిలబడి ఉన్నారు. నరేంద్రబాబు ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో ఉన్నాడు. మర్యాదగల మనిషి, కాఫీ తెప్పించమంటారా అని కూడా అడిగాడు.

"నేనేదో చదువుకున్నవాణ్ణి, అబద్ధమాడి నాకేం వస్తుంది మేడమ్? పని కాలేదు, రేపు రమ్మన్నాడు. తాళం వాడి దగ్గరే వదిలి ఆటోలో ఇంటికొచ్చేశాను. రాత్రి షికారుకు తీసుకుపోయి మనిషిని గుద్ది, గీతలు కనపడకుండా పాలిష్ కొట్టి తెచ్చాడు."

"మీరు ఈ కారును ఎప్పుడైనా కడిగారా?"

ఆ ప్రశ్నకు అతను నవ్వాడు. "కడగడం, తుడవడం నాకేం తెలుసండీ? అవన్నీ పెంచలయ్య చూసుకుంటాడు. అతని దగ్గరా ఒక తాళం ఉంది."

ఆవిడ కారు ముందు వంగారు. కుడి వైపు మొహం చూసుకునేంత మెరుపు. ఎడమ ఫెండరు మీద మాత్రం గుండ్రటి గీతల మధ్య మసక, అంచులో రంగు లేచి కింది పూత బయటపడింది. బానెట్టుకూ ఫెండరుకూ మధ్య సందులో తెల్లటి పొడి గట్టిగా అట్టకట్టింది. "అదే మేడమ్, పాలిష్ పొడి. ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నాడు ఎస్సై. రెబెక్కమ్మ గారు వేలికి కాస్త పొడి అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నారు. తర్వాత అన్వర్ చొక్కా మీది పొడిని గీరి అదీ రుచి చూశారు. మేడమ్ ఏం చేసినా దానికో అర్థం ఉంటుందని నమ్మే హెబ్రోను, ఆవిడ నోరు పుక్కిలించేందుకు నీళ్ల సీసా అందించాడు.

అన్వర్ పారేసిపోయిన మిషను ఇసుకలో పడినచోటే ఉంది. ఆవిడ దాని ప్యాడు నొక్కి చూశారు. పొడిపొడిగా, శుభ్రంగా ఉంది. డిక్కీ తెరిపించారు. దాన్లో మూడొంతులు నీళ్ల క్యాన్లే, అన్నీ నిండుగా ఉన్నాయి.

"ఇవెందుకు పెంచలయ్యా?"

"కారు కడిగేదానికి మేడమ్. ఈడ కొళాయిల్లో వచ్చేది సముద్రం నీళ్లు, రొయ్యపిల్లల తొట్లకి. దాంతో కడిగితే రంగు మీద ఉప్పు పేరుకుంటాది. అందుకని నెల్లూరు నించి మంచినీళ్లు మోసుకొస్తా."

"రాత్రి ఎక్కడున్నావు?"

"ఇంట్లో. ఒక్కణ్ణే ఉంటా," అన్నాడు. ఆ మాటకు సాక్ష్యం ఎవరూ లేరని అతనికే అర్థమై యజమాని వైపు చూశాడు.

తర్వాత ఆవిడ పంపు షెడ్డులోకి పోయారు. తిరిగొచ్చేటప్పుడు హెబ్రోను చేతిలో ఒక గ్రైండరు ఉంది. తుప్పు గీకే మిషను అది. దాని కొసకు స్పాంజి ముక్క తాడుతో కట్టి ఉంది, స్పాంజి నిండా పాలిష్ పేస్టూ నల్లరంగూ.

అందరినీ తొట్ల షెడ్డు నీడలోకి పిలిచారు. గేటు దగ్గర జనం అరుపులు ఆగలేదు. అన్వర్ గోడకు ఆనుకుని ఆ గేటు వైపే చూస్తున్నాడు.

"ఎస్సై గారూ, కారు సందులోది కాస్త రుచి చూడండి," అన్నారు రెబెక్కమ్మ గారు.

ఎస్సై ఆవిడకేసి అనుమానంగా చూసి, తప్పదన్నట్టు నాలుకకు ఆనించాడు. "ఉప్పు," అన్నాడు.

"అన్వర్ చొక్కా మీది పొడిలో ఉప్పు లేదు. అతను వాడింది నెల్లూరు మంచినీళ్లు. ఈ ఫెండరు మీద మిషను తిప్పినవాడు ప్యాడు మీద చిలకరించింది సముద్రం నీళ్లు. అంటే పని జరిగింది నెల్లూరులో కాదు, ఈ ఆవరణలో. గ్రైండరు స్పాంజి కూడా ఉప్పగానే ఉంది. పొద్దున్న అన్వరే ఇక్కడ చేశాడంటారా? ఈ పొడి ఆరి రాయిలా గట్టిపడింది, పైగా అతని ప్యాడుకు తడే తగల్లేదు. కారు రాత్రంతా నెల్లూరులో ఉంటే, రాత్రి ఇక్కడ పాలిష్ ఎలా జరిగింది నరేంద్రబాబు గారూ?"

నరేంద్రబాబు కర్చీఫు తీసి మెడ తుడుచుకున్నాడు. "నేను మొహమాటపడి చెప్పలేదు. కారు సాయంత్రమే తెచ్చుకున్నాను. పెంచలయ్య మా దగ్గర చాలాకాలంగా ఉన్న మనిషి, వాణ్ణి కాపాడదామని..." అంటూ డ్రైవరు వైపు చూశాడు. "వాడే తీసుకుపోయి ఉంటాడు."

పెంచలయ్య భుజం మీది తువ్వాలు తీసి అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "సార్, మీ ఉప్పు తిన్నోణ్ణి సార్," అన్నాడు. హెబ్రోనుకు ఒళ్లు మండిపోయింది. పొద్దుట్నించీ ఒకడి మెడకు బిగించిన ఉరిని ఈ పెద్దమనిషి ఎంత తేలిగ్గా ఇంకొకడి మెడకు మార్చాడో చూశాడు కదా.

"పెంచలయ్య అయితే డిక్కీ తెరిచేవాడు," అన్నారు రెబెక్కమ్మ గారు. "ఈ కారు రంగు మీద ఉప్పునీటి చుక్క పడకూడదని నెల్లూరు నించి నీళ్లు మోసే మనిషి, నిండు క్యాన్లు చేతికందేంత దూరంలో ఉండగా కొళాయి తిప్పుతాడా? అతని చెయ్యి అలవాటుగా క్యాను మీదికే పోతుంది. కొళాయి దగ్గరికి పోయేది, తన డిక్కీలో నీళ్లున్న సంగతి కూడా తెలియనివాడు. ఇది ఎన్నడూ కారు కడగని చెయ్యి. అలాంటి చేతికి ఈ కారు తాళం ఉన్నది ఒక్కరి దగ్గరే. ఎంత రుద్దినా ఆ మసక పోక, తెల్లారేసరికి మీకు రెండు అవసరాలు వచ్చాయి, పని తెలిసినవాడు ఒకడు, నేరం మొయ్యడానికి ఒకడు. ఇద్దరూ ఒకడే అయితే ఖర్చు కలిసొస్తుందని అన్వర్‌కు ఫోన్ చేశారు."

నరేంద్రబాబు చుట్టూ చూశాడు. గేటు దగ్గర అరుపులు వింటూ, ఇప్పుడు అతనే ఎస్సై పక్కకు జరిగాడు. "చీకట్లో కనపళ్లేదు," అన్నాడు చివరికి. "సైకిలుకు లైటు లేదు."

అంతసేపూ తలెత్తని పోలమ్మ అప్పుడు లేచి అతని ముందుకొచ్చింది.

"కారు దిగినావా?"

అతను తలూపాడు.

"అప్పుటికి మా ఆయన ప్రాణంతో ఉండాడా?"

"కదులుతున్నాడు," అన్నాడు నరేంద్రబాబు, చెప్పులకేసి చూస్తూ. "కారు మీద గీతలు చూసి భయమేసింది. ముందు అవి పోగొట్టి, తర్వాత ఎవరినైనా పంపుదామనుకున్నా."

ఎస్సై అతని భుజం పట్టుకుని జీపు వైపు నడిపించాడు. గేటు తెరుచుకుంది. జనం అన్వర్ కోసం కాకుండా జీపు చుట్టూ మూగారు. పొద్దుట్నించి అన్వర్ ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. పోయి హెబ్రోను కారులో కూర్చుంటే చాలు, ఇంటికి పోవచ్చు. కానీ పోలమ్మ అతని దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె కోపంగా లేదు. తెలిసినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"అబ్బయా, నీకు తెలిసిన పని గదా. అట్టాంటి గీతలు పోవాలంటే ఎంతసేపు మిషను తిప్పాల?"

అన్వర్ ఎడమ ఫెండరు వైపు చూశాడు. అంచు రంగు లేచిపోయేదాకా ఒకే చోట తిప్పిన తిప్పుడు అది. అంతసేపట్లో మైపాడు నించి నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి, మనిషిని దించి, తిరిగి రావచ్చు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. చెప్పకుండా ఎలా ఉండాలో కూడా తెలియలేదు.

"చేతనైనోళ్లకి కాసేపేనమ్మా," అన్నాడు. "ఆయనకి చేతగాలేదు."