క్లియర్ కోట్ జాగ్రత్త

చనిపోయే ముందు ఆ ముసలి ఫోర్‌మన్ రేడియోలో మూడే మాటలు చెప్పగలిగాడు.

"చీఫ్... క్లియర్ కోట్... జాగ్రత్త..."

తర్వాత గరగర. మర్నాడు కార్ల ఫ్యాక్టరీలో, రంగులు కలిపే గదిలో, డ్రమ్ముల మధ్య అతని శవం దొరికింది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఇంకేమీ లేదు. ఇన్‌ఫార్మర్‌గా డిపార్ట్‌మెంట్‌కి అతను చేసిన ఆఖరి సేవ అదే.

చీఫ్ టేప్ ఆపేసి, ఎదురుగా కూర్చున్న ఏజెంట్ వైపు చూశాడు.

"అర్థమైందా ప్రైమర్?"

అర్థం కాకపోవడమేమిటి! ఏజెంట్ ప్రైమర్ ఇంత తియ్యటి కబురు ఈ మధ్యకాలంలో విననే లేదు. పాపం ముసలాయన పోయాడన్న బాధ ఉంది. ఆ బాధ అడుగున ఇంకేదో చల్లగా, హాయిగా ఉంది. దాన్ని మొహంలోకి రానివ్వకుండా ఆపడానికే అతని ట్రైనింగ్ అంతా ఖర్చయింది.

ఈ మిషన్‌కి కోడ్ పేర్లు చీఫే పెట్టాడు. కారు రేకు మీద మొదట వేసే పూత ప్రైమర్. అది లేనిదే పైన ఏదీ అతుక్కోదు గానీ దాని మొహం చూసినవాడు లేడు. దాని మీద రంగు. అన్నిటికీ పైన, రంగులేని మెరుపు పూత క్లియర్ కోట్. కొనేవాడు చేత్తో నిమిరి మురిసిపోయేది దాన్నే. మూడు నెలల క్రితం పెయింటర్ వేషంలో ఆ ఫ్యాక్టరీలో దిగిన కుర్ర ఏజెంట్‌కి ఆ పేరు దక్కింది. ఆ కుర్ర ఏజెంట్ మరెవరో కాదు, ప్రైమర్‌కి స్వయానా తోడల్లుడు.

అక్కని పెద్దవాడు చేసుకున్నాడు, చెల్లెల్ని చిన్నవాడు చేసుకున్నాడు. ఇద్దరూ ఏదో రంగుల కంపెనీలో సేల్స్ ఉద్యోగాలు వెలగబెడుతున్నారని అత్తగారి నమ్మకం. చిన్నల్లుడు గుమ్మంలోకి వస్తే ఆవిడ కుర్చీ తుడిచి వేస్తుంది. పెద్దల్లుడు వస్తే "కాళ్లు తుడుచుకుని రండి బాబూ" అంటుంది. పదిహేనేళ్ల సర్వీసులో రెండు తూటాలు తిన్న పెద్దవాడి భుజం తట్టాడు చీఫ్. ఉద్యోగంలో చేరిన రెండో ఏడే గోడ దూకి కాలు బెణికించుకున్న చిన్నవాడికి పతకం తగిలించాడు. ఇంటా బయటా ఒకటే వరస. కడుపుమంటకి ఏ డిపార్ట్‌మెంటూ ఫైర్ ఇంజన్ పంపదు కదా!

"ఆ ఫ్యాక్టరీ కొత్త పూత తయారుచేసింది," అన్నాడు చీఫ్. "అది వేసిన సైనిక వాహనం చీకట్లో శత్రువు కెమెరాలకి దొరకదు. ఫార్ములా అంతా ఒక్క కెమిస్ట్ బుర్రలో ఉంది. శుక్రవారం రక్షణ మంత్రి ముందు డెమో. కెమిస్టూ అక్కడే ఉంటాడు. దాని మీద కన్నేసిన వార్నిష్ ముఠాకి కావలసింది ఆ రోజే."

"ఫార్ములా ఎత్తుకుపోడానికా సర్?"

"ఎత్తుకుపోవడం చేతకాలేదు. అందుకని అందర్నీ ఒక్కసారే లేపేస్తారట. ఎలాగో తెలీదు. ముఠాలో మన మనిషి ఒకావిడ ఉంది. కోడ్ పేరు మెటాలిక్. ఫ్యాక్టరీలో కలర్ కన్సల్టెంట్. ఇది కూడా ఆవిడ చెప్పిందే."

"మరి క్లియర్ కోట్ సంగతి?"

"అమ్ముడుపోయాడో లేదో నువ్వే తేల్చాలి. బంధువువి కదా, అన్యాయం చెయ్యవని నా నమ్మకం."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ప్రైమర్ లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. చీఫ్ చిన్న పరికరం ఒకటి చేతిలో పెట్టాడు. పూత మందం కొలిచే మీటర్. వెనక బటన్ నొక్కితే మాత్రం మనం మాట్లాడేది క్లియర్ కోట్ మాస్క్‌లో వినిపిస్తుంది.

క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో ప్రైమర్ పెయింట్ షాపులో అడుగుపెట్టాడు. గుమ్మంలో జిగురు చాప బూట్ల దుమ్మంతా లాగేసుకుంది. తర్వాత గదిలో నాలుగు వైపుల నుంచీ గాలి కొట్టి బట్టల మీది నలుసులు ఊడ్చేసింది. సెంటు, తలనూనె, క్రీము నిషేధమని గోడ మీద బోర్డు. లోపల గాజుగదిలా ఉన్న స్ప్రే బూత్‌లో, తెల్ల సూటు వేసుకున్న పొడుగాటి మనిషి మాస్క్ తీసి నవ్వాడు. నవ్వితే చొట్టలు పడే బుగ్గలు. అవి చూస్తేనే ప్రైమర్‌కి ఒళ్లు మండుతుంది.

"అన్నయ్యా! నువ్వా! వదినా వాళ్లూ బావున్నారా?" అని గొంతు తగ్గించి అడిగాడు చిన్నల్లుడు.

"డ్యూటీలో చుట్టరికాలు తేకు."

"సరే ఇన్‌స్పెక్టర్ గారూ. రండి, మా పని చూద్దురు గాని." గన్ ఎత్తి చూపించాడు. "ఇది రంగుకి డెబ్బై వేల ఓల్టులు ఎక్కించి వదుల్తుంది. బండికేమో ఎర్త్ ఇస్తాం. ఆ ఎర్త్‌ని వెతుక్కుంటూ రంగు పోయి, ముందు కొడితే వెనక్కి కూడా తిరిగి చుట్టుకుంటుంది. నేను వద్దన్నా అత్తయ్య నా పళ్లెంలో రెండోసారి వడ్డిస్తారే, అలాగ."

ప్రైమర్ పళ్లు నూరాడు. "ఎర్త్ లేకపోతే?"

"రంగు అతుక్కోదు. తిరిగొచ్చి నా మొహానే కొడుతుంది. బండి ఒళ్లంతా కరెంటు నిండి కూర్చుంటుంది. అప్పుడు ముట్టుకున్నామా, టప్‌మని నిప్పురవ్వ. ఈ థిన్నర్ ఆవిర్లలో రవ్వ పడితే ఇంక మనం ఉండం, ఫ్యాక్టరీ ఉండదు." వంగి, బండి కింద రాగి క్లాంపు చూపించాడు. "అందుకే ఏమాత్రం అనుమానం వచ్చినా నా చెయ్యి ముందు దీని మీదికే పోతుంది. దీని మీద రంగు పేరుకుంటే ఎర్త్ తెగిపోతుంది. పేరుకుంటే కనపడుతుందిగా, గోకేస్తాను. ఫోర్‌మన్ తాత నేర్పిన పని ఇది." తాత పేరెత్తగానే కళ్లు తుడుచుకుని, మాస్క్ పైకి లాక్కున్నాడు.

అబ్బో, ఏం నటిస్తున్నాడు, అనుకున్నాడు ప్రైమర్. పైన పటారం, లోన లొటారం.

మెటాలిక్ గది నిండా రంగు పలకలు వేలాడుతున్నాయి. ఒకే పలక ఇటు నుంచి చూస్తే వెండి, అటు నుంచి చూస్తే నీలం. ఆవిడ వాటి మధ్య కాలు మీద కాలేసుకుని, చిన్న సీసాలో కుంచె ముంచి గోళ్లకి పూసుకుంటోంది. ఆవిడ అందం గురించి డిపార్ట్‌మెంట్ ఫైల్ రాసింది తక్కువే.

"తుమ్మెద దారి తప్పింది," అన్నాడు ప్రైమర్. అది కోడ్.

"పువ్వు తలుపు తెరిచే ఉంది," అందావిడ. "కూర్చోండి. మీకు బాధ కలిగించే మాట చెప్పాలి. మీ తోడల్లుడు అమ్ముడుపోయాడు. ఫోర్‌మన్ చచ్చిన రోజు అతను మిక్సింగ్ రూమ్ నుంచి రావడం నా కళ్లతో చూశాను."

ప్రైమర్‌కి ఏ బాధా కలగలేదు. "నాకెప్పట్నుంచో అనుమానమే మేడమ్."

"మీరు పట్టేస్తారని నాకు తెలుసు. ఈ డిపార్ట్‌మెంట్‌లో మీరు లేనిదే ఏదీ అతుక్కోదు. అయినా మిమ్మల్ని ఎవరూ చూడరు. ఎందుకో మరి!"

పదిహేనేళ్లుగా ఈ మాట ఎవరైనా అంటారేమోనని అతను ఎదురుచూశాడు. చివరికి అన్నది ఈవిడ. అతని కళ్లు చెమర్చాయి. వెండి పలక వెనక నీలం ఉంటుందని ఇప్పుడే చూసిన మనిషి, ఇటువైపు నుంచే చూస్తూ కూర్చున్నాడు.

"నేనేం చెయ్యాలో చెప్పండి."

"డెమోలో రంగు వేసేది అతనే. మంత్రిగారు ముందు అద్దం దగ్గరుంటారు. పారిపోకుండా మీరు వెనక తలుపు గడియ వేసేయండి. పని కాగానే పట్టుకుందాం. చీఫ్‌కి నేను చెప్పాను."

చీఫ్‌ని ఒక్క మాట అడిగితే పోయేది. అడిగితే, "తొందరపడకు, ఇంకోసారి చూడు" అంటాడని భయం వేసింది. అడగలేదు.

లేస్తూ ఆవిడ గోళ్ల వైపు చూశాడు. "అంతసేపు పూశారు, రంగేది మేడమ్?"

"కొందరికి రంగక్కర్లేదు," అని నవ్విందావిడ. "మెరుపు చాలు."

శుక్రవారం. ముందు అద్దం అవతల మంత్రి, కెమిస్టు, అధికారులు బారుగా నిలబడ్డారు. బూత్ మధ్యలో పూత కోసం కాచుకున్న సైనిక వాహనం. దాని పక్కన చిన్నల్లుడు, సినిమా పోస్టర్‌లో నిలబడ్డట్టు నిలబడ్డాడు. వెనక వరండాలో ప్రైమర్ తలుపు మూసి, చప్పుడు కాకుండా గడియ పెట్టాడు. ఆ గడియ పడ్డప్పుడు కలిగిన తృప్తి అతనికి పెళ్లిలో కూడా కలగలేదు. 'మీ చిన్నల్లుడు దేశద్రోహి అత్తయ్యగారూ' అని ఏ గొంతుతో చెప్పాలో అప్పుడే సాధన చేసుకుంటున్నాడు.

"నేనొక ఫోన్ చేసుకుని వస్తాను," అంది మెటాలిక్. హైహీల్స్ టకటకమంటూ గుమ్మం వైపు వెళ్లాయి.

లోపల స్ప్రే మొదలైంది. సన్నటి బూడిదరంగు మంచు. ప్రైమర్ కిటికీలోంచి తోడల్లుడి చేతివాటం చూశాడు. ఒప్పుకోక తప్పదు, వెధవకి పని వచ్చు. మణికట్టు వంచకుండా, ఒకే దూరంలో, ఒకే వేగంతో పోతున్నాడు. ఏదైనా తప్పు దొరికితే బావుండునని కళ్లు చిట్లించి మరీ వెతికాడు. అసూయపడేవాడు చూసినంత శ్రద్ధగా ఏ ఇన్‌స్పెక్టరూ చూడడు.

దొరికింది. తెల్ల సూటు చేతులు బూడిదరంగుకి తిరుగుతున్నాయి. ఛాతీ కూడా. రంగు బండిని వదిలేసి మనిషి మీదికే తిరిగొస్తోంది.

'తిరిగొచ్చి నా మొహానే కొడుతుంది.' అంటే ఎర్త్ లేదు. పొద్దున క్లాంపు తనూ చూశాడు, తళతళలాడుతోంది. దాని మీద రంగే లేదు. రంగు లేదు... రంగులేని పూత ఉంటే? ఎవరి కంటికీ కనపడని మెరుపు పూత? చిన్న సీసా, కుంచె, 'కొందరికి రంగక్కర్లేదు.'

క్లియర్ కోట్ జాగ్రత్త! ముసలాయన చెప్పింది మనిషి పేరు కానే కాదు. ఆ ముక్క చెప్పినందుకే ఆయన్ని చంపేశారు. ఫ్యాన్ల హోరు కూడా ఎప్పటిలా లేదు. ఎవరో తగ్గించారు. బూత్ నిండా ఆవిరి. ఆ ఆవిరిలో తన మరదలి మొగుడు. తలుపుకి తను స్వయంగా పెట్టిన గడియ.

లోపల చిన్నల్లుడు సూటు మీది రంగు చూసుకున్నాడు. గన్ ఆపేశాడు. మంచి పనివాడు ఏం చేస్తాడో అదే చేశాడు. వంగి, క్లాంపు చూడ్డానికి చెయ్యి చాచాడు. ముఠా లెక్క వేసుకున్నది ఆ చేతి మీదే.

ప్రైమర్ మీటర్ బటన్ నొక్కి అరిచాడు. కోడ్ గుర్తులేదు, డ్యూటీ గుర్తులేదు.

"తమ్ముడూ! అత్తయ్య మీదొట్టు, బండి ముట్టుకోకురా!"

ఆ చెయ్యి రేకుకి జానెడు దూరంలో ఆగిపోయింది.

"గడియ వదిలెయ్," అని వెనక నుంచి వినిపించింది. గుమ్మం దగ్గర మెటాలిక్. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. "ఒక్క అడుగు వేశావంటే..."

ప్రైమర్ గడియ లాగి తలుపు బార్లా తెరిచాడు. థిన్నర్ వాసన గుప్పున వరండా నిండా కమ్మింది.

"కాల్చండి మేడమ్. ఒక్క రవ్వ కోసమేగా ఇంత కష్టపడ్డారు. మీరూ ఇక్కడే ఉన్నారు, భేషుగ్గా పోదాం."

ఆవిడ వేలు ట్రిగ్గర్ మీద బిగిసి, వదులైంది. గిరుక్కున తిరిగి పరుగెత్తింది. దుమ్ము పట్టే జిగురు చాప ఆవిడ హీల్సు రెండిటినీ పట్టేసుకుంది. ఆవిడ మాత్రం ముందుకు వెళ్లి, గుమ్మం బయటి గార్డుల చేతుల్లో పడింది.

ప్రైమర్ ఫ్యాన్లు పూర్తిగా తిప్పి, లోపలికి దూకి, తోడల్లుడి మెడపట్టి బయటికి లాక్కొచ్చాడు. ఆవిరంతా పోయాక పొడుగాటి ఎర్త్ రాడ్‌తో బండిని తాకారు. నీలంగా, వేలెడంత రవ్వ టప్పుమంది. అద్దం అవతల మంత్రిగారు అదీ డెమోలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

ఇద్దరూ గోడకి చేరగిలబడి కూర్చున్నారు. చిన్నవాడు అడిగాడు.

"గడియ వేసింది నువ్వేనా అన్నయ్యా?"

అబద్ధం చెప్పడం ప్రైమర్ వృత్తి. "నేనే," అన్నాడు. "నువ్వంటే నాకు కుళ్లు. మొదట్నుంచీ."

"తెలుసు. వదిన కూడా చెప్పింది." చిన్నవాడు మాస్క్ తీసి పక్కన పెట్టాడు. "తీసిందీ నువ్వేగా. లే, ఆకలేస్తోంది."

పై నెలలో పతకాలు పంచారు. ఒకటే వచ్చింది. రిపోర్టులో 'క్లియర్ కోట్ అప్రమత్తత వల్ల' అని టైపయింది. మంత్రిగారికి మెరిసేదే గుర్తుంటుంది మరి. చిన్నవాడు వెళ్లి చీఫ్‌తో పోట్లాడాడు. చీఫ్ మళ్లీ పెద్దవాడి భుజం తట్టాడు.

ఆ ఆదివారం తోడల్లుళ్లిద్దరూ కలిసి అత్తగారి పాత కారుకి రంగు వేశారు. ఆవిడ దాని చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి, మొహం చూసుకుని మురిసిపోయింది.

"అద్దంలా ఉంది! ఎంతైనా మా చిన్నల్లుడి చేతి చలవ."

"కింద ప్రైమర్ అంతా అన్నయ్యే వేశాడు అత్తయ్యా!" అన్నాడు చిన్నవాడు.

ఆవిడ వంగి, కళ్లజోడు సర్దుకుని, పాపం నిజంగానే వెతికింది. "ఏదీ, నాకేం కనపడదే?"

"కనపడితే పని చెడ్డట్టు అత్తయ్యగారూ," అన్నాడు పెద్దల్లుడు. అని, కాళ్లు తుడుచుకుని భోజనానికి లోపలికి వెళ్లాడు. వడ్డన చిన్నల్లుడి పళ్లెంతోనే మొదలైంది.