గుమ్మడికాయ మీద గాట్లు

ఇంటి బెల్లు పాడైందని ఎవరైనా ఫోన్ చేస్తే, "తలుపు తట్టడానికి చేతులు లేవా" అని మనసులో అనుకుని, పైకి మాత్రం "వస్తున్నా అన్నా" అంటాను. మార్కాపురంలో పదిహేనేళ్లుగా కరెంటు పనులు చేస్తున్నాను, నాలాంటి ఏ మెకానిక్‌ని అడిగినా ఇదే చెబుతాడు. గోవర్ధన్‌ని కూడా అలాగే పది రోజులు తిప్పించుకుని, మే నెలలో ఒక మధ్యాహ్నం ఊరి చివరి కొత్త లేఅవుట్లో ఉన్న వాళ్లింటికి వెళ్లాను.

ఎండకి వీధిలో కుక్క కూడా లేదు. గోవర్ధన్ పనిచేసే పలకల ఫ్యాక్టరీ నుంచి రాయి కోసే చప్పుడు సన్నగా వినిపిస్తోంది. ఆయన ఇంకా అన్నానికి రాలేదు. ఆయన భార్య సునీత తలుపు తీసింది.

"ఇర్ఫానన్నా, పెళ్లికొడుకు మాదిరి ఇన్నిసార్లు పిలిపించుకుంటే ఎట్ల? బెల్లు మోగక రెండు నెల్లాయె," అని నవ్వింది.

మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను. ఇంకొకరు తెలియక కరెంటు ఇస్తారని నాకు ఎప్పుడూ భయమే. లోపల గోడకున్న బెల్లు బాగానే ఉంది. వైరు ఎక్కడా తెగలేదు. ఇక మిగిలింది గుమ్మం పక్కనున్న స్విచ్చి. మూత విప్పితే లోపలంతా జిగట. ముక్కు మూసుకోవాల్సిన కంపు. తలెత్తి చూశాను. సరిగ్గా స్విచ్చి మీద, కొక్కేనికి వేలాడుతూ దిష్టి గుమ్మడికాయ. కుళ్లి, చుక్క చుక్కగా కారుతోంది.

"అమ్మా, దోషం బెల్లుది కాదు, ఈ కాయది," అన్నాను.

"కాయను మాత్రం కదిలించొద్దన్నా. సాయంత్రం ఆయనే మారుస్తాడు," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాకు చిరాకేసింది. పైనుంచి కారుతుంటే కింద స్విచ్చి ఎలా తుడవాలి? ఐదు నిమిషాలు దించి మళ్లీ కట్టేస్తే ఎవరికి తెలుస్తుందనుకున్నాను. ఆ ఐదు నిమిషాలే వాళ్ల కొంప ముంచాయి.

కాయను దించి అరుగు మీద పెట్టాను. స్విచ్చి తుడిచి, స్క్రూలు బిగించి, మళ్లీ కట్టడానికి కాయను తిప్పి చూశాను.

కాయ నిండా గాట్లు. లోతుగా, ఏటవాలుగా, కొడవలితో నరికినట్టు. ఒకటి నల్లబడింది. ఇంకోటి గోధుమరంగుకి తిరిగింది. అన్నిటికంటే పైన ఉన్నది నిన్నటిదిలా ఉంది. ఏడు లెక్కపెట్టాను.

"సునీతమ్మా, ఈ కాయను ఎవరు నరికినారు?"

ఆమె గరిటెతోనే బయటికి వచ్చింది. ఖాళీ కొక్కేన్ని చూసింది. గరిటె చేతిలోంచి జారిపోయింది.

"ఎంత పని చేసినావన్నా... కట్టు... తొందరగా కట్టు..."

"ఏందమ్మా, ఏమైంది?"

"ఈ స్థలం కోసం మా బావ అశోక్‌కీ మా ఆయనకీ కొట్లాట. ఉగాదినాడు మధ్యాహ్నం, తమ్ముణ్ణి వాని గడపలోనే నరుకుతానని కొడవలి తీసుకుని బండెక్కినాడు. ఇక్కడికి రాకముందే లారీ కింద పడి పోయినాడు. అప్పట్నించి రోజూ ఇదే టయానికి వస్తాడు. కాయ మీద ఒక్క వేటేసి పోతాడు. వారానికొక కాయ మారుస్తాం. అది లేకుంటే..."

బెల్లు మోగింది.

ఫ్యూజు నా జేబులోనే ఉంది. గుమ్మంలో మేమిద్దరమే ఉన్నాం. నా కళ్లముందే స్విచ్చి దానంతటది లోపలికి నొక్కుకుపోయింది... వదిలింది... మళ్లీ నొక్కుకుపోయింది. కాలిన రబ్బరు వాసన, పెట్రోలు వాసన.

అప్పుడే గేటు దగ్గర బండి ఆగింది. గోవర్ధన్.

"రావద్దు! ఆడ్నే ఉండు!" అని సునీత అరిచింది.

"ఏందే? బెల్లు మోగుతాంది కదా! ఇర్ఫాన్ భాయ్, మొత్తానికి బాగు చేసినావే!" అంటూ నవ్వుతూ మెట్లెక్కాడు.

మొదటి వేటు భుజం మీద పడింది. కొట్టినవాడు లేడు. చొక్కా చీలింది, చర్మం చీలింది, తెల్లగా ఎముక కనిపించింది. తర్వాతే రక్తం చిమ్మింది. గోవర్ధన్ అరవలేదు. వింతగా తన భుజాన్నే చూసుకున్నాడు. రెండో వేటు వీపు మీద. మోకాళ్ల మీద కూలబడ్డాడు. గోడ మీద, తలుపు మీద, సునీత ముఖం మీద రక్తం.

మూడోది తలకే అని నాకు అర్థమైంది. ఎలా కదిలానో తెలియదు. కాయను రెండు చేతులతో ఎత్తి ఆయన తల మీద అడ్డంగా పెట్టాను.

కాయ రెండు చెక్కలైంది. దానితో పాటు నా కుడి చేతి రెండు వేళ్లు అరుగు మీద పడ్డాయి.

బెల్లు ఆగిపోయింది. నేను నొప్పితో కేకలు పెడుతున్నాను, సునీత ఏడుస్తోంది. గోవర్ధన్ మాత్రం ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుని, గడప దాటి లోపలికి పాక్కుంటూ వెళ్లాడు.

డాక్టర్లు బతికించారు. పోలీసులు దొంగలు నరికారని రాసుకున్నారు. మేమూ అదే చెప్పాం, ఇంకేం చెబుతాం? గోవర్ధన్ పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. నేను చూడ్డానికి వెళ్తే నన్ను ఎరగనట్టు చూశాడు. ప్రాణం దక్కింది, అదే చాలనుకున్నాను. తప్పంతా నాదే అయినా సునీత నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా బాధగా ఉండేది.

ఈరోజు పొద్దున ఇంటికి తీసుకొచ్చారు. ఇప్పుడే సునీత ఫోన్ చేసింది. ఎడమ చేత్తో ఫోన్ పట్టుకోవడం నాకింకా సరిగ్గా రావడం లేదు. గుసగుసగా మాట్లాడింది.

"అన్నా... ఆయన మాట్లాడుతుండాడు..."

"అల్లా దయ! ఏమంటున్నాడమ్మా?"

"గొంతు ఆయనది కాదన్నా. మా బావది."

ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాను.

"అద్దం ముందర నిలబడినాడు. తన మొహం తానే చూసుకుని నవ్వుతుండాడు. 'దొరికినావురా గోవర్ధనూ' అంటాండాడు..."

"చేతిలో ఏమన్నా ఉందా?"

తలుపు సందులోంచి చూస్తున్నట్టుంది, గొంతు ఇంకా తగ్గించింది.

"ఒక చెయ్యి ఖాళీగానే ఉందన్నా... ఇంకోటి వీపు వెనకాల పెట్టుకున్నాడు."