మూడో అంతస్తులో మోగే పాట

ఒసాకాలో మా కాలవ గట్టు వీధిలో, చీకటి పడ్డాక ఆ నాలుగంతస్తుల భవనం పక్క నుంచి ఎవరూ నడవరు. దానికెదురుగా, ఆక్టోపస్ ముక్క పెట్టి గుంటపెనం మీద పునుగుల్లా కాల్చే తాకోయాకీ బండి నాది. నా గిరాకీలు కూడా అటు వీపు పెట్టి నిలబడే తింటారు.

ఒకప్పుడది వీడియోగేముల కంపెనీ. మూతపడి చాలా ఏళ్ళయింది. మూడో అంతస్తులో, ఆ చివరన, ఆటలకి పాటలు కట్టే గది. అక్కడ పనిచేసిన ఒకావిడ కుర్చీలోనే ప్రాణం వదిలిందనీ... చీకటి పడితే ఇప్పటికీ పాట వినిపిస్తుందనీ చెప్పుకుంటారు. నేనూ విన్నాను. విన్నరోజున బండి తొందరగా కట్టేశాను.

ఆ గదిలోకి వెళ్ళింది మా వీధి పిల్ల చితోసె. పగలు బెంతో కొట్టులో అన్నం డబ్బాలు సర్దుతుంది. ఇంటికెళ్ళాక పాత గేమ్ మిషన్ ముందేసుకుని, దాని సౌండ్ చిప్‌తో పాట పలికించడం నేర్చుకుంటోంది. ఆ చిప్‌కి నాలుగే గొంతులట — రెండు పదునువి, ఒకటి మెత్తటి మంద్రం, ఒకటి ఉత్త బుస. ఏ గొంతు ఎప్పుడు, ఏ ఎత్తున పలకాలో అంతా అంకెల్లో రాసివ్వాలి. ఒక్క అంకె తప్పితే కీచుమంటుంది.

ఆమె పట్టుకున్న పాట ఈ కంపెనీ ఆటలోదే. చిన్నప్పుడు వాళ్ళన్నతో కలిసి ఆడిన ఆట. అన్న పోయాడు. ఆ పాటని తన చేత్తో పలికించాలని పంతం. అంతా కుదిరింది, అడుగున ధబ్ ధబ్ మనే డ్రమ్ము తప్ప.

"బుసతో కొడితే చీపురుతో ఊడ్చినట్టుంది బాబాయ్," అని నా దగ్గర వాపోయేది.

ఓ శీతాకాలం సాయంత్రం నా బండి దగ్గరే నిలబడి తింటోంది. పైనుంచి పాట మొదలైంది... అదే పాట. అడుగున — ధబ్... ధబ్...

"బాబాయ్! అదే డ్రమ్ము!"

"పిచ్చిపిల్లా, అటు చూడకు," అన్నాను. వింటేగా!

గేటు దగ్గర కాపలా ఉండే ఒగుషి గారు లేరు. గేటు తోసుకుని లోపలికి పోయింది. ఇక్కణ్ణించి తను చెప్పిందే చెబుతున్నాను.

మెట్ల మీద దీపం లేదు. గోడ తడుముకుంటూ ఎక్కుతుంటే పాట దగ్గరవుతోంది... ఇంకా దగ్గరవుతోంది... చివరి తలుపు ఓరగా ఉంది. లోపల పాత టీవీ వెలుగు. దాని ముందు, తెల్లజుట్టు విరబోసుకుని ఒకావిడ. వెనక్కి తిరగలేదు.

చితోసె అరుస్తూ పరుగెత్తాలి. కానీ నోట్లోంచి వచ్చింది మరొకటి —

"ఆ డ్రమ్ము... ఎలా?"

పాట ఆగింది.

"బుసతో కొట్టావా?" గుసగుసలాడిందావిడ. "అందరూ అక్కడే చెడతారు. మంద్రాన్ని పైనుంచి కిందికి జారవిడువు... గభాల్న. చెవి దాన్ని దెబ్బనుకుంటుంది. బుసంటావా, పైన చిటికెడు ఉప్పులా చల్లు, అంతే."

"మీరు... బతికే ఉన్నారా?"



"కంపెనీ వాళ్ళనడుగు."

అప్పుడే చితోసె భుజం మీద ఓ చెయ్యి పడింది —

ఆ కేక నా బండి దాకా వినిపించింది.

"అరవకమ్మా, బెదురుతుంది," అన్నారు ఒగుషి గారు. "నా భార్య. త్సుయాకో."

మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పారట. ఆ పాటలన్నీ త్సుయాకో కట్టినవే. ఆట చివర పడే పేర్లలో ఆమె పేరు వెయ్యలేదు. ఏదని అడిగినందుకు బయటికి గెంటారు. తరవాత పత్రిక వాళ్ళొచ్చి పాటలు కట్టిందెవరని ఆరా తీస్తే, ఆవిడ పనిచేస్తూ చనిపోయిందని చెప్పి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడామెకి మతి తప్పింది. ఇంట్లో మొగుణ్ణే పోల్చుకోదు. ఇక్కడి మిషన్ ఇంటికి పట్టుకెళితే ముట్టుకోనైనా లేదు. ఈ గదిలో కూర్చుంటే మాత్రం వేళ్ళకి అన్నీ గుర్తొస్తాయి.

"అందుకే ఈ కాపలా పనిలో చేరాను. దెయ్యం మాట ఆరిపోకుండా నేనే ఎగదోస్తున్నాను. ఎవరూ రారు కదా, నిమ్మళంగా కూర్చుంటుందని."

"ఈ భవనం కూల్చేస్తారటగా?" అంది చితోసె.

"చలి తగ్గగానే."

కూల్చారు. ఆ దుమ్ము నా పెనం మీదా పడింది.

మర్నాడు చితోసె తన మిషన్ ఎత్తుకుని ఒగుషి గారింటికి బయల్దేరింది. ఒక్కదానికి ధైర్యం చాల్లేదేమో, నన్నూ రమ్మంది. పాట పెట్టింది. డ్రమ్ముతో సహా అచ్చం అదే. త్సుయాకో తలూపుతూ చివరిదాకా వింది.

"బాగుందే! ఎవరు కట్టారమ్మా?"

చితోసె ఒగుషి గారి వైపు చూసింది.

"నువ్వే," అన్నారు ఒగుషి గారు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. నా వైపు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది —

"పాపం, ఆ ముసలాయన... కనబడ్డవాళ్ళందరికీ ఇలాగే చెబుతాడా?"