తల ఎటువైపు ఉంది?

"బిడ్డ తల పైనే ఉండిపోయిందమ్మా, కాళ్ళు కిందికున్నాయి. ఇక తిరగదు. ఇవాళే ఆపరేషన్ చేసేద్దాం!"

ఆ మాట చెప్పి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కూతుర్ని కానుపుకు తీసుకొచ్చిన తల్లి మాత్రం వరండాలో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఏడుపు రాలేదు. ఒళ్ళోని సంచీలో వేడినీళ్ళ ఫ్లాస్కు మూత సరిగ్గా బిగియలేదు కాబోలు, చీర తడిసి తొడకు అంటుకుంటోంది... అంటుకుంటోందని తెలుస్తోంది గానీ, ఆ తొడ తనది కానట్టే ఉంది!

ఎదురుకాళ్ళు! ఆ మాట తన తొలికాన్పులో విన్నది. ఇంట్లోనే, మంత్రసాని చేతుల్లో. కాళ్ళు వచ్చాయి, నడుము వచ్చింది, తల మాత్రం ఆగిపోయింది... అది కూడా వచ్చేసరికి బాబు లేడు. ఆ తర్వాత పుట్టిన ఈ ఒక్క కూతురినీ దగ్గితే క్షయేమో అని, కాలు బెణికితే విరిగిందేమో అని బెంగపడుతూనే పెంచింది. "అమ్మకి తుమ్ము వినబడితే చాలు, అంబులెన్సు పిలుస్తుంది" అని ఇంటిల్లిపాదీ నవ్వేవారు. నవ్వుకోనీ!

ఆశ్చర్యం ఏమిటంటే, ఈ కానుపు విషయంలోనే ఆమె ధీమాగా ఉంది. వీధిలో వాళ్ళందరికీ జాకెట్లు కుట్టే చేయి కదా, తడిమితే తెలియదా? సాయంత్రం మిషను ఆపగానే కూతురి పొట్ట మీద చేయి వేసేది. పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా తగిలేది. "ఇవిగో పిర్రలు! తల కిందే ఉంది, ఇంకేం భయం లేదు!" అని మురిసిపోతూ నిమిరేది. కూతురు కళ్ళు మూసుకుని "ఊఁ" అనేది.

అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. బస్సు డ్రైవరు, డ్యూటీ చొక్కా కూడా మార్చుకోలేదు.

"నా బిడ్డ కదా అత్తయ్యా... రివర్సులో వస్తోంది" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నీకు ముందే తెలుసా నాయనా?"

"పోయిన నెల స్కానింగులోనే చెప్పారు. డాక్టరమ్మ పొట్ట పైనుంచి చేత్తో తిప్పి చూశారు, తిరగలేదు. మీకు చెప్పొద్దని మీ అమ్మాయే నాతో ఒట్టు వేయించుకుంది."

"అంటే నేనే పరాయిదాన్నన్నమాట..." గొంతు పెరగలేదు, తగ్గలేదు.

ఇంతలో లోపలికి రమ్మన్నారు. కూతురు మంచం మీద నీలం గౌనులో పడుకుని ఉంది.

"ఎందుకు దాచావే?"

"చెబితే నువ్వు అన్నం తింటావా, నిద్రపోతావా? అన్నయ్యని తలుచుకుని కుమిలిపోవూ?"

కళ్ళు తెరవని ఆ పసివాణ్ణి అన్నయ్య అంటోంది! ఆ తల్లి మంచం పట్టీ పట్టుకుంది.

"నేను మతిలేనిదాన్ని, పిర్రలు పిర్రలని తడుముతుంటే నోరు మూసుకుని ఊరుకున్నావా?"

"నువ్వు నిమిరింది దాని తలనమ్మా! నీ చేయి అక్కడ ఉన్నంతసేపూ నాకు భయం వేసేది కాదు. ఇన్నేళ్ళలో నువ్వు బెంగ లేకుండా నవ్వడం చూసింది కూడా అప్పుడే... ఇంకొక్కసారి పెట్టవూ?"

"వద్దే... నా చేయి మంచిది కాదు. ఒకణ్ణి పోగొట్టుకుంది..."

"నాకు ఆ చెయ్యే కావాలి!"

పెట్టింది. అరచేతి కింద ఆ గుండ్రటి తల కొంచెం కదిలి, మళ్ళీ ఆనుకుంది. ఆ తర్వాత మంచం చక్రాల మీద ఆపరేషన్ గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె తలుపు వంక చూస్తూ నిలబడింది. దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

తలుపు తెరుచుకుంది. "ఆడపిల్ల! తల్లీ బిడ్డా బాగున్నారు" అంటూ నర్సు గుడ్డలో చుట్టిన బిడ్డను అందించింది. అల్లుడు గోడవైపు తిరిగి భుజాలు కుదుపుతూ ఏడుస్తున్నాడు. ఆమె బిడ్డ ముఖం చూడలేదు, ముందు అరచేయి తల మీద వేసింది. అదే గుండ్రదనం. అదే గట్టిదనం. ఆ చేతికి ఎప్పటినుంచో తెలిసిన తల!

"నువ్వేనా..." అంది.

వేడినీళ్ళు తగిలిన తొడ అప్పుడు మండడం మొదలైంది.